దీవిలో ఇద్దరు... రాణివాసంలో ఒక్కతే!

అనగనగా ఓ దీవి. చుట్టూ కనుచూపు మేర నీలి సముద్రం. నడిసంద్రంలో ఓడ తగలబడితే, ఓడలోని వంటవాడితో కలిసి ఇద్దరు పసివాళ్లు చిన్న పడవలో ఆ ఒడ్డుకు చేరారు. కొన్నాళ్లకు ఆ పెద్దాయనా కన్నుమూశాడు. ఇక ఆ పిల్లలకు బడి లేదు, గుడి లేదు. మందలించే అమ్మ లేదు, ముహూర్తం పెట్టే పురోహితుడు లేడు. అలా పెరిగిన పిల్లాడూ పిల్లా వయసొచ్చాక ఏమవుతారు?

'ది బ్లూ లగూన్' కథ ఇంతే. 1980లో వచ్చిన ఈ హాలీవుడ్ సినిమాను విమర్శకులు చీల్చి చెండాడారు. జనం మాత్రం ఎగబడి చూశారు.

దానికి దాదాపు ముప్ఫై ఏళ్ల ముందే... సముద్రమన్నదే లేని కడప జిల్లాలో పుట్టిన ఓ దర్శకుడు ఇలాంటి కథనే తలకెత్తుకున్నాడు. చిన్ననాటి చెలిమి ప్రేమగా మారే ఘడియను తెరమీదికి తెచ్చాడు. ఆయన పిల్లలకు దీవి లేదు. ఊరుంది, అమ్మ ఉంది, అత్త ఉంది, అందరికీ పైన రాజున్నాడు. ఆ సినిమా 'మల్లీశ్వరి'. ఆ దర్శకుడు బీఎన్ రెడ్డి. దాన్ని విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. డబ్బు మాత్రం ఆ పొగడ్తలకు తగినంతగా రాలేదు.

ఎక్కడి బ్లూ లగూన్, ఎక్కడి మల్లీశ్వరి అనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఒకదానికొకటి అద్దం పట్టినట్టుంటాయి. అచ్చం అద్దంలోలాగే... కుడి ఎడమలు తారుమారుగా!

ఇద్దరూ 1908 వాళ్లే

బ్లూ లగూన్ సినిమాకు మూలం అదే పేరుతో వచ్చిన నవల. రాసింది హెన్రీ డి వెర్ స్టాక్‌పూల్ అనే ఐర్లండ్ రచయిత. వృత్తిరీత్యా ఓడల్లో వైద్యుడు. సముద్రాల మీద తిరిగిన అనుభవంతో రాసిన ఈ నవల 1908లో అచ్చయింది. 1923లో మూకీగా, 1949లో రంగుల టాకీగా, 1980లో మరోసారి... మళ్లీ మళ్లీ తెరకెక్కింది. మూడోసారి తీసింది ర్యాండల్ క్లైజర్. అప్పటికి రెండేళ్ల కిందటే 'గ్రీజ్'తో ఘనవిజయం కొట్టిన దర్శకుడాయన.

సరిగ్గా అదే 1908లో, నవంబరు 16న, కడప జిల్లా పులివెందుల తాలూకా కొత్తపల్లెలో బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి పుట్టాడు. లోకానికి బీఎన్ రెడ్డి. తమ్ముడు బి.నాగిరెడ్డి ఆ తర్వాత విజయా సంస్థతో చరిత్ర సృష్టించాడు. మరో తమ్ముడు కొండారెడ్డి ఛాయాగ్రాహకుడయ్యాడు. అన్నదమ్ములంతా మద్రాసు చేరి తెలుగు సినిమాకు పునాది రాళ్లు వేసినవాళ్లే.

ఆ జిల్లావాళ్లకు నీళ్లంటే చెన్నూరు పక్కన పారే పెన్న. గండికోట కింద లోయలో మలుపు తిరిగే పెన్న. అదీ ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. ఇక జ్ఞాపకాల్లో పారే నది తుంగభద్ర. దాని ఒడ్డున విజయనగరం. ఒకప్పుడు దత్తమండలాలని పిలిచిన ఈ నేలకు 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకున్నప్పుడు బీఎన్‌కు ఇరవయ్యేళ్లు. కృష్ణదేవరాయలు ఆంధ్రకవితా పితామహుడు అల్లసాని పెద్దనకు అగ్రహారంగా ఇచ్చిన కోకటం కూడా ఈ జిల్లాలోనిదే. ఇప్పటి కమలాపురం మండలంలో ఉంది. అందుకే బీఎన్ తన కథను రాయలవారి కాలంలో నిలబెట్టడం ఎవరికీ వింతగా తోచలేదు. సొంతూరి సంగతి చెప్పుకున్నట్టే ఉంటుంది.

వరస కుదరొద్దూ!

బ్లూ లగూన్‌లో పిల్లాడి పేరు రిచర్డ్, పిల్ల పేరు ఎమెలీన్. ఇంగ్లిషులో వాళ్లిద్దరూ 'కజిన్స్'. ఆ ఒక్క మాటతో వాళ్లకు సరిపోయింది. మనకు సరిపోదు. ఇద్దరి ఇంటిపేరూ లెస్ట్రేంజ్ కదా... తెలుగింట్లో అయితే ఇంటిపేరు కలిసిన ఆ బంధుత్వానికి అన్నాచెల్లెళ్ల వరసే వస్తుంది. ఆ కథను ఉన్నదున్నట్టు మన అమ్మమ్మలకు చెబితే సగంలోనే లేచి వెళ్లిపోయేవాళ్లు!

మల్లీశ్వరిలో ఆ ఇబ్బంది లేదు. నాగరాజు మల్లికి మేనత్త కొడుకు. పుట్టినప్పటి నుంచీ బావే. ఊరికి ఆ విషయం తెలుసు, వాళ్లకూ తెలుసు. ప్రేమను కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఆటల్లో బావ, అలకల్లో బావ, పెద్దయ్యాకా బావే. దీవిలోని పిల్లలు ఏమీ తెలియని అమాయకత్వంతో ఒకరికొకరు దగ్గరవుతారు. వీరాపురంలోని పిల్లలు అన్నీ తెలిసిన అమాయకత్వంతో దగ్గరవుతారు. తేడా అక్కడుంది.

అయితే వరస కుదిరినంత మాత్రాన పెళ్లి కుదరాలనేముంది? నాగరాజు తల్లి పేదది. మల్లి తల్లి నాగమ్మకు ఆస్తి లేని మేనల్లుడు ఆనడు. బ్లూ లగూన్‌లో లేనిదీ, మల్లీశ్వరిలో మొదటి నుంచీ ఉన్నదీ ఇదే... డబ్బు. నాగరాజు డబ్బు సంపాదించుకొస్తానని ఊరొదిలి వెళ్లడానికి కారణమూ అదే. శిల్పం చెక్కే చేతికి కాసులు రాలితేగానీ మనసిచ్చిన మరదలు దక్కదు. కొత్తగా పెళ్లి సంబంధాలు చూస్తున్న ఏ ఇంట్లోవారికైనా ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

వానలో నోరు జారితే...

మల్లీశ్వరి కథ మొత్తాన్ని మలుపు తిప్పేది ఓ వాన. సంతకు వెళ్లి వస్తూ దారిలో వానకు చిక్కుకున్న బావామరదళ్లు పాడుబడ్డ సత్రంలో తలదాచుకుంటారు. ఎవరూ లేరు కదా అని మల్లి ఆడుతుంది, పాడుతుంది. అదే వానకు తడిసి మారువేషాల్లో అక్కడికి చేరిన రాయలవారూ పెద్దనామాత్యుడూ ఆ ఆటపాటలకు మురిసిపోతారు. వచ్చింది ఎవరో తెలియని నాగరాజు సరదాగా ఓ మాటంటాడు. రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకీ పంపించమని!

మరదల్ని ఉడికించడానికి అన్న మాటది. కానీ రాజు దాన్ని మరిచిపోలేదు. నాగరాజు ఊళ్లో లేని సమయంలో వీరాపురానికి పల్లకీ వచ్చింది. మల్లి రాణివాసానికి వెళ్లింది. అక్కడి కట్టడి కఠినమైనది. లోపలికి వెళ్లిన ఆడపిల్ల మళ్లీ బయటికి రాకూడదు. బయటి మగవాడు లోపల అడుగుపెడితే తల తెగుతుంది. నాలుగు డబ్బులు కూడబెట్టుకుని ఆశగా తిరిగొచ్చిన బావకు ఖాళీ ఇల్లు మిగిలింది.

ఎదగడమంటే ఇదేనేమో. చిన్నతనంలో అన్న మాటకు పెద్దతనంలో మూల్యం చెల్లించడం. రిచర్డ్, ఎమెలీన్‌లకు పెద్దరికం ఒంట్లో వచ్చే మార్పులతో తెలిసొస్తుంది. నాగరాజు, మల్లిలకు అది పల్లకీ రూపంలో గుమ్మం ముందుకొస్తుంది. ఒక కథలో ప్రకృతి పిల్లల్ని పెద్దవాళ్లను చేస్తే, రెండో కథలో అధికారం ఆ పని చేస్తుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఇంకోటుంది. పల్లకీ పంపమన్నది బావ. పంపింది రాజు. సంబంధం వద్దన్నది తల్లి. మల్లిని మాత్రం ఎవరూ అడగలేదు. 1951లో వచ్చిన సినిమా ఈ మాటను గొంతు చించుకుని చెప్పదు. భానుమతి కళ్లతో చెప్పించి ఊరుకుంటుంది.

మన దీవి ఒంటిస్తంభం మేడ

పాశ్చాత్యులకు దీవి అంటే స్వేచ్ఛ. లోకం పీడ విరగడైన చోటు. రాబిన్సన్ క్రూసో మొదలు బ్లూ లగూన్ దాకా దీవి చేరినవాడు తన లోకాన్ని తానే కట్టుకుంటాడు. మన కథల్లో అలా కాదు. బాలనాగమ్మను మాయల మరాఠీ ఎత్తుకెళ్లి ఎక్కడ బంధించాడు? ఏడు సముద్రాలకు ఆవల చిలకలో ప్రాణాలు దాచేది ఎవరు? మన కథల్లో దీవి, దుర్గం, ఒంటిస్తంభం మేడ అన్నీ చెరలే. ఎవరినో తీసుకెళ్లి బంధించే చోట్లే.

రాణివాసం కూడా అలాంటి దీవే. చుట్టూ నీళ్లుండవు, గోడలుంటాయి. తిండికి లోటు లేదు, నగలకు లోటు లేదు, చెలికత్తెలకు లోటు లేదు. అయినా మల్లి నడిసంద్రంలో చిక్కుకున్నట్టే ఉంటుంది. ఓడ మునిగి దీవికి కొట్టుకొచ్చిన ఇద్దరూ ఒకరికొకరు తోడున్నారు. పల్లకీ ఎక్కి వచ్చిన మల్లి వందమంది మధ్య ఒంటరి. మబ్బుతో కబురు పంపుకోవడం తప్ప గతి లేదు. ఆ మబ్బు పాటే తర్వాతి తరాలకూ ఆ సినిమా గుర్తుగా నిలిచింది.

ఆ పాటలూ మాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రివి. అప్పటికే ఆయన యాభై దాటిన మహాకవి. సినిమాకు రాయడం అదే మొదలు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. కళ ఏకే శేఖర్. ఛాయాగ్రహణం ఆది ఇరానీ, బీఎన్ కొండారెడ్డి. కథకు ప్రేరణగా చెప్పేవి రెండు. బుచ్చిబాబు నాటిక 'రాయల కరుణకృత్యం' ఒకటి. దేవన్ షరార్ ఇంగ్లిషులో రాసిన కథ ఇంకొకటి. విజయనగరం అట్టలతో కట్టిన సెట్టింగే అయినా ఆ ఎద్దుబండి, ఆ మల్లెతీగ, ఆ చినుకులు మాత్రం సిసలైన పల్లెటూరివే అనిపిస్తాయి.

విమర్శకులు ఎందుకు మండిపడ్డారు?

బ్లూ లగూన్‌కు వద్దాం. ఫిజీ దీవుల్లో తీసిన ఈ సినిమాకు అయిన ఖర్చు 45 లక్షల డాలర్లు. ఒక్క అమెరికాలోనే 5 కోట్ల 80 లక్షల డాలర్లకు పైగా తెచ్చింది. ఛాయాగ్రాహకుడు నెస్టర్ అల్మెండ్రోస్ ఆస్కార్‌కు నామినేట్ అయ్యాడు. ఆ నీళ్లు, ఆ సూర్యాస్తమయాలు అంత అందంగా ఉంటాయి. మరి ఈసడింపు దేనికి?

మొదటిది నమ్మదగ్గట్టు లేకపోవడం. ఏళ్లకేళ్లు అడవిలో బతికిన పిల్లల జుట్టు చెదరదు, పళ్లు పాడవవు, ఒంటి మీద గాయం మిగలదు. రోజర్ ఈబర్ట్ లాంటి పేరున్న విమర్శకుడు నాలుగుకు ఒకటిన్నర చుక్కలతో సరిపెట్టాడు. ఏటా అధమ చిత్రాలకు వెక్కిరింపుగా ఇచ్చే గోల్డెన్ రాస్‌బెరీ అవార్డులు ఆ సంవత్సరపు సినిమాలతోనే మొదలయ్యాయి. మొట్టమొదటి 'చెత్త నటి' బిరుదు ఈ సినిమా కథానాయిక బ్రూక్ షీల్డ్స్‌కే దక్కింది.

తమాషా ఏమిటంటే... మనుషుల విషయంలో అబద్ధమాడిందన్న ఆ కెమెరా ప్రకృతి విషయంలో మాత్రం నిజమే చెప్పింది. సినిమాలో ఓ చోట కనిపించే పచ్చటి ఉడుము జాతి జీవిని చూసి జాన్ గిబ్బన్స్ అనే జీవశాస్త్రవేత్త ఉలిక్కిపడ్డాడు. అప్పటివరకూ శాస్త్రానికి తెలిసిన జాతి కాదది. షూటింగ్ జరిగిన దీవికి వెళ్లి వెతికి, అది కొత్త జాతి అని 1981లో లోకానికి చాటాడు. ఫిజీ క్రెస్టెడ్ ఇగ్వానా అంటే అదే.

రెండో అభ్యంతరం అసలైనది. అమాయకత్వం గురించి కథ అంటూనే కెమెరా ఆ పిల్లల శరీరాల చుట్టూ తిరుగుతుందన్నది ఆ విమర్శ. షూటింగ్ నాటికి బ్రూక్ షీల్డ్స్‌కు పద్నాలుగేళ్లు! అలాంటి సన్నివేశాలకు వయసొచ్చిన డూప్‌లను వాడామని నిర్మాణ బృందం చెప్పుకొంది. ఆ జాగ్రత్త సాంకేతికంగా సరిపోయిందేమోగానీ, ప్రేక్షకుడి కళ్లకు చూపించింది మాత్రం ఆ పద్నాలుగేళ్ల పిల్లనే కదా! చిన్నతనంలో తనను తెర మీద ఎలా చూపారన్న దానిపై 2023లో వచ్చిన డాక్యుమెంటరీ 'ప్రెటీ బేబీ'లో షీల్డ్స్ స్వయంగా మాట్లాడింది. అప్పుడు కొందరు విమర్శకులకే గుచ్చుకున్న ముల్లు ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది. 1980లో కాసులు కురిపించిన సినిమాను ఇవాళ అదే పద్ధతిలో తీయడానికి ఎవరూ సాహసించరు.

పిల్లలకు పిల్లలు, పెద్దలకు పెద్దలు

మల్లీశ్వరి ఇక్కడ గట్టెక్కింది. ఆటలాడుకునే నాగరాజు, మల్లి పాత్రల్లో బాలనటులే కనిపిస్తారు. ప్రేమ మొదలయ్యే వయసు రాగానే ఎన్టీఆర్, భానుమతి వచ్చేస్తారు. 1951 డిసెంబరులో సినిమా విడుదలయ్యే నాటికి ఆయనకు 28, ఆమెకు 26. పాత్రల వయసుకు కాస్త పెద్దవాళ్లే. ఆ కాస్త తేడాను ప్రేక్షకుడు మనస్ఫూర్తిగా క్షమించాడు. పసితనాన్ని చూపాల్సిన చోట పసివాళ్లు, మోహాన్ని చూపాల్సిన చోట పెద్దవాళ్లు... ఆ గీతను బీఎన్ ఎక్కడా చెరపలేదు. ప్రేమంతా ఒక చూపులో, ఒక పాటలో, నాగరాజు ఉలి కింద పదేపదే ప్రాణం పోసుకునే మల్లి రూపులో చెప్పేశాడు.

అలాగని మల్లీశ్వరికి రాగానే బ్రహ్మరథం పట్టారనుకుంటే పొరపాటు. అదే 1951లో తమ్ముడు నాగిరెడ్డి సంస్థ నుంచి వచ్చిన 'పాతాళభైరవి' ఊరూరా జాతర చేసింది. హీరో అందులోనూ ఎన్టీఆరే. ఆ హోరు ముందు అన్నగారి సినిమా వసూళ్లు వెలవెలబోయాయి. నడక నెమ్మది అన్నవాళ్లున్నారు. కానీ కాలం గడిచేకొద్దీ మల్లీశ్వరి విలువ పెరుగుతూ వచ్చింది. 1953లో చైనా భాష ఉపశీర్షికలతో బీజింగ్ దాకా వెళ్లింది. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ ఎంచిన వంద గొప్ప భారతీయ చిత్రాల్లో చోటు దక్కించుకుంది. దర్శకుడిగా బీఎన్ రెడ్డికి 1974 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. దక్షిణాదిలో ఆ గౌరవం అందుకున్న తొలి వ్యక్తి పులివెందుల తాలూకా బిడ్డే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. తుంగభద్ర దాటి పారిపోవాలన్న ప్రయత్నం విఫలమై పట్టుబడ్డ ప్రేమికులను చివరికి రాయలు క్షమిస్తాడు. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. కానీ ఆ కట్టడి ఎవరిది? రాజుదే. తప్పు తానే చేసి, క్షమాభిక్ష తానే పెట్టి, కరుణామయుడన్న పేరూ తానే పొందాడు. మల్లి ఇంటికి చేరింది సరే, ఆ గోడల మధ్య మిగిలిన ఆడపిల్లల మాటేమిటి? వాళ్ల కోసం ఏ నాగరాజూ రాలేదు. సినిమా అయిపోయాక మనసులో మెదిలే ప్రశ్న ఇది. గొప్ప సినిమాలకు ఉండే అందమైన వెలితి కూడా ఇదే.

సముద్రం వచ్చినా సమాజం పోలేదు

బ్లూ లగూన్ గాలి మన దేశానికీ తగిలింది. మలయాళంలో ఐ.వి.శశి 'ఇణ' (1982) తీశాడు. హిందీలో 'తేరీ బాహోం మే' (1984) వచ్చింది. తెలుగులో ఆ రోజుల్లో కుర్రకారును ఊపేసిన లేతవయసు ప్రేమకథ మాత్రం వేరే. 1981లో భారతీరాజా తీసిన 'సీతాకోకచిలుక'. అందులోనూ సముద్రముంది, అలలున్నాయి, అప్పుడే మీసం మొలుస్తున్న కుర్రాడున్నాడు. కానీ అబ్బాయి బ్రాహ్మణుడు, అమ్మాయి క్రైస్తవురాలు. ఒడ్డున ఊరుంది. ఊళ్లో మతముంది. సముద్రం పక్కనే ఉన్నా ఆ జంటకు దీవి దొరకలేదు!

మన ప్రేమకథలను కాస్త పరికించి చూస్తే ఇదే కనిపిస్తుంది. మనవాళ్లకు ప్రేమను ఒంటరిగా ఊహించుకోవడం చేతకాదు. అమ్మ, మేనత్త, ఊరు, కులం, మతం, డబ్బు, అధికారం... ఇన్నింటి మధ్య నలిగి నిలిచినదే ప్రేమ. ఇది పాతకాలపు మాట కాదు. కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు ఇప్పటికీ పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. పల్లకీలు పోయాయి. ఆడపిల్లను అడగకుండా నిర్ణయాలు చేసే పెద్దలు మాత్రం అక్కడక్కడా మిగిలే ఉన్నారు.

బ్లూ లగూన్ చివర్లో ప్రేమజంట, వాళ్ల బిడ్డ తెడ్లు పోయిన పడవలో నడిసంద్రంలో కొట్టుకుపోతారు. దీవిలో తమకు తెలిసిన ప్రాణాంతకమైన పళ్లు తింటారు. ఏళ్లుగా వెతుకుతున్న తండ్రి ఓడ అప్పుడొస్తుంది. లోకం వాళ్లను కనుగొనేసరికి వాళ్లు లోకానికి దక్కుతారో లేదో తెలియదు. మనుషుల్లేని చోట పుట్టిన ప్రేమకు మనుషుల్లో బతికే దారి ఆ కథకుడికి తోచలేదు. కొత్తపల్లె దర్శకుడు ఆ దారే వెతికాడు. తన ప్రేమికులను రాణివాసం నుంచి విడిపించి, ఏ దీవికీ పంపకుండా, సొంత మనుషుల మధ్యకే తిరిగి తీసుకొచ్చాడు. బతకడం కష్టమైన చోటు అదేనని ఆయనకు తెలుసు. ప్రేమ గెలవాల్సిందీ అక్కడేనని కూడా తెలుసు.